రెండో సగంలో డప్పులు

డిగ్రీ చదివే రోజుల్లో మా కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి నేను గోల్‌కీపర్‌ని. మా ఆటలకి పెద్దగా జనం వచ్చేవారు కాదు. బస్సు తప్పిపోయినవాళ్ళు కాసేపు కూర్చుని వెళ్ళేవారు, అంతే.

ఆ ఏడు మా మావయ్య దోహా నుంచి సెలవు మీద వచ్చారు. అక్కడ స్టేడియంలో ఆటలు చూసిన మనిషి. "అరిచేవాళ్ళు కూడా జట్టే అమ్మాయ్. మీకు ఆళ్ళు లేకే ఓడిపోతన్నారు" అని తేల్చేశారు. మా ఓటములకి కారణం నేనేనని అప్పటిదాకా అందరూ అనేవారు కాబట్టి, ఆ మాట నాకు బాగా నచ్చింది.

రాజోలు జట్టుతో కొత్తపేటలో ఆట. మావయ్య డప్పులవాళ్ళని ఆటోలో దింపారు. నాకో పాడుబుద్ధి పుట్టింది.

"మావయ్యగారండీ, మీరు ఆళ్ళ గోలు వెనకాల వాయించండి. ఆ పిల్లకి ఏమీ వినపడకూడదు."

"ఆయ్, అలాగేనండి" అన్నారు, నన్నే పెద్దదాన్ని చేసి.

డప్పులు మొదలయ్యాక పాపం వాళ్ళ గోల్‌కీపర్ తట్టుకోలేకపోయింది. ఆ పిల్ల ఒక చేత్తో చెవి మూసుకున్నప్పుడే మా కెప్టెన్ కొట్టిన బంతి ఆ పక్కనుంచే గోలులోకి వెళ్ళింది. నేను మైదానం ఇవతల గంతులేశాను.

హాఫ్ టైమ్ తర్వాత జట్లు వైపులు మారతాయి. ఆ సంతోషంలో నాకది తట్టనే లేదు. అవతలి గోలు దగ్గరికి వెళ్ళి చూస్తే డప్పులు సరిగ్గా నా వీపు వెనక ఉన్నాయి. వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపాను. ఇంకా గట్టిగా వాయించమంటున్నానని అనుకుని మావయ్య కూడా ఒక డప్పు అందుకున్నారు. "ఎడం పక్క చూడు" అని కెప్టెన్ అరిచిందట. నాకు ఆమె నోరు కదలడమే కనిపించింది. బంతి ఎడం పక్కనుంచే లోపలికి వచ్చింది.

ఇంకాసేపటికి వాళ్ళకి పెనాల్టీ దొరికింది. మావయ్య భయపడి డప్పులు ఆపించేశారు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. కొట్టాల్సిన అమ్మాయి బంతి పెట్టి, ఒకసారి చుట్టూ చూసి తన్నింది. బంతి నా తల మీదుగా కొబ్బరిచెట్లలోకి పోయింది. ఆట ఒకటి-ఒకటితో ముగిసింది.

తర్వాత సోడా బండి దగ్గర ఆ అమ్మాయిని అడిగాను, ఏమైందని.

"డప్పులుంటే కొట్టేసేదాన్నండి. అంతా ఒక్కసారి ఊరుకునేసరికి అందరూ నన్నే చూస్తన్నారనిపించింది. కాళ్ళు ఆడలేదు."

మావయ్య వెంటనే అందుకున్నారు. "చూసేవా? గోలు కొట్టించింది మా డప్పులే, పెనాల్టీ తప్పించిందీ మా డప్పులే."

"మరి నేను గోలు ఇచ్చేసింది ఎవరి వల్లండీ?"

"అది నీ వల్లే" అన్నారు, ఏమాత్రం తడబడకుండా.

ఆ అమ్మాయి సోడా తాగడం ముగించి, "వచ్చే ఆదివారం మా ఊళ్ళో ఇంకో ఆట ఉందండి, మీరు రాగలరా" అని మావయ్యని ఎంతో మర్యాదగా అడిగింది.

ఆదివారం పొద్దున్నే డప్పులతో సహా మావయ్య రాజోలు వెళ్ళిపోయారు.