ఎనిమిది గుర్తుల రికార్డు

2001 ఏప్రిల్‌లో నన్ను ఫైనలియర్ ప్రాజెక్టులకు ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. చిత్తూరుకు, పాకాలకు మధ్య ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అది. కంప్యూటర్ సైన్స్ విభాగంలో నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. జూన్‌లో హెడ్ కుర్చీ ఖాళీ కాబోతోంది. ఆ సంగతి ఒక్క పూట కూడా నా మనసులోంచి పోలేదని ముందే చెప్పేస్తాను.

తెలియనివారికి పద్ధతి చెప్పాలి. నాలుగో ఏడాది చివర విద్యార్థి సొంతంగా ఒక ప్రోగ్రాం తయారుచేసి, దాన్ని వివరిస్తూ రికార్డు రాసి, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలతో బైండు చేయించి ఇవ్వాలి. ఇది ఈ విద్యార్థి చేసిన పనే అని మొదటి పేజీలో గైడు సంతకం ఉంటుంది. విశ్వవిద్యాలయం పంపే ఎక్స్‌టర్నల్, కాలేజీ తరఫున ఇంటర్నల్ కలిసి ప్రశ్నలడిగి, రెండు వందలకు మార్కులు వేసి, ఒకే పట్టీ మీద ఇద్దరూ సంతకం చేస్తారు. కాగితం మీది మాట ఇది. పిల్లలు హైదరాబాదు పోయి, అక్కడ తయారుగా దొరికే ప్రాజెక్టును అట్టతో సహా కొనుక్కొచ్చేవారు. ఆ ఏడాది నా గైడెన్సులోనే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టంలు ఐదు వచ్చాయి. ఒకదాని లోపల వేరే కాలేజీ పేరు అలాగే ఉండిపోయింది. ఐదింటి మీదా సొంత పనే అని సంతకం పెట్టాను.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నా గైడెన్సులోనే ఉన్న రెడ్డెమ్మ మాత్రం కొనలేదు. ఐరాల దగ్గర పల్లె ఆమెది. తండ్రి మునిరత్నం చెరకు వేసి బెల్లం వండే రైతు. తిరుపతిలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, ఎక్కడో విదేశాల్లో పంతానికి, సరదాకు తయారుచేసిన ఒక ప్రోగ్రామింగ్ భాష గురించి ఆమె చదివింది. ఆ భాష మొత్తం ఎనిమిది గుర్తులే. వరసగా గళ్లున్నాయి, ఒక గడి మీద వేలు పెట్టారు అనుకోండి. వేలు కుడికి జరపడానికి ఒక గుర్తు, ఎడమకు ఒకటి. గడిలోని అంకెకు ఒకటి కలపడానికి, ఒకటి తీసేయడానికి మరో రెండు. అక్షరాన్ని లోపలికి తీసుకోవడానికి ఒకటి, బయట అచ్చు వేయడానికి ఒకటి. గడి సున్నా అయ్యేదాకా చేసిందే చేయమనడానికి రెండు బ్రాకెట్లు. ఇంకేమీ లేదు. రెండంకెల కూడిక కావాలన్నా మనమే కట్టుకోవాలి.

ఆ గుర్తులను చదివి నడిపించే ప్రోగ్రాంను రెడ్డెమ్మ సి భాషలో నాలుగు పేజీల్లో రాసింది. తర్వాత ఆ ఎనిమిది గుర్తులతోనే, ఏ సంవత్సరం ఇచ్చినా పన్నెండు నెలల క్యాలెండర్ అచ్చువేసే ప్రోగ్రాం రాసింది. నేను చూసిన ఏ విద్యార్థీ అంత పని చేయలేదు. ఎందుకమ్మా ఈ కష్టం అని అడిగితే, "అన్నీ ఇచ్చినాక మనం చేసేదేముండాది సార్? ఏమీ లేకుండా ఎంత దూరం పోతామో సూడాలనుకున్నాను" అంది.

క్యాంపస్‌కు వచ్చిన చెన్నై కంపెనీ ఒకటి ఆమెను ఎంపిక చేసింది. మొత్తం మీద అరవై శాతం ఉండాలని షరతు. ఆమెకు కొంచెం తక్కువ పడుతోంది. ప్రాజెక్టులో నూట యాభై వస్తే గట్టెక్కుతుంది. ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

రికార్డు అరవై పేజీలకు తగ్గకూడదని మా నియమం. ఆమెది పాతిక కూడా రాలేదు. క్యాలెండర్ ప్రోగ్రాం మొత్తం అచ్చువేసి కలపమని చెప్పింది నేనే. కాలేజీ ఫార్మాట్‌లో అధ్యాయాల పేర్లు ముందే ఖాయమై ఉంటాయి. ఏ గుర్తుకు ఏ అర్థమో చెప్పే పట్టికకు అందులో చోటు లేదు. దాన్ని అన్నిటికన్నా చివర పెట్టించిందీ నేనే.

మా ప్రాంతానికి వచ్చే ఎక్స్‌టర్నల్స్‌తో ఒక ఆచారం ఉంది. రేణిగుంట స్టేషన్‌కు కారు పంపాలి, వైవా కాగానే కొండకు తీసుకెళ్లి దర్శనం చేయించాలి. ఆ రోజు వచ్చిన ప్రొఫెసర్ దర్శనం మధ్యాహ్నం మూడింటికి. పన్నెండుకల్లా బయలుదేరాలి. మా కాలేజీకి సీట్లు పెంచే కమిటీలోనూ ఆయన ఉన్నాడు కాబట్టి ప్రిన్సిపాల్ రెండుసార్లు వచ్చి తొంగిచూసి వెళ్లాడు.

హాస్పిటల్స్ ఐదూ అరగంటలో గట్టెక్కాయి. రెడ్డెమ్మ వంతు వచ్చేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. ఆయన రికార్డు మధ్యకు తెరిచాడు. పేజీ నిండా కూడిక గుర్తులు, తీసివేత గుర్తులు, బ్రాకెట్లు. తర్వాతి పేజీ కూడా అంతే. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చెడిపోతే కాగితం అచ్చం అలాగే వస్తుంది. ప్రింటర్ పాడైతే ఇంకోసారి తీయించుకోవాలని తెలియదా అని ఆమెను అడిగాడు.

"ప్రింటర్ తప్పు కాదు సార్. ప్రోగ్రామే అది."

నలభై పేజీల చెత్త కుక్కి రికార్డు లావు చేశావని ఆయన నవ్వాడు. డేటాబేస్ ఏది, స్క్రీన్లేవి, దీనివల్ల ఎవరికి ఉపయోగం అన్నాడు.

"ఫ్లాపీ ఈడే ఉండాది సార్. నాలుగు నిమిషాలు పడతాది. నడిపి సూపిస్తాను" అంటూ ఆమె నా వైపు తిరిగింది. "మీరు సెప్పండి సార్."

నేను గడియారం చూశాను. "కారు వచ్చింది సార్" అన్నాను. ఆమెతో కాదు, ఆయనతో.

ఎనభై ఐదు వేశాడు. హాస్పిటల్స్‌కు నూట అరవైకి తగ్గలేదు. పట్టీ మీద నా సంతకం పెట్టాను.

ఫలితాలు రాకముందే మునిరత్నం వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మా బిడ్డ తప్పేం చేసినాది సార్? అన్నం తింటా లేదు. తప్పేందో సెప్తే దిద్దుకుంటాది" అన్నాడు. ఎక్స్‌టర్నల్ నిర్ణయం, మా చేతుల్లో ఏమీ లేదు అన్నాను. అది అబద్ధం. వైవా అయిన వారం లోపల ఎగ్జామినర్లలో ఎవరైనా సవరణ కోరుతూ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాయవచ్చు. అప్పటికింకా రెండు రోజులు మిగిలి ఉన్నాయి.

ఆయన వెళ్లాక రికార్డు వెనక అట్టలోని ఫ్లాపీ తీసి ల్యాబులో నడిపాను. సంవత్సరం అడిగింది, ఇచ్చాను. నాలుగు నిమిషాల్లో పన్నెండు నెలలూ వరుసగా దిగాయి. గోడ మీది క్యాలెండర్‌తో పోల్చి చూశాను. ఒక్క తేదీ కూడా తప్పలేదు. అయినా ఉత్తరం రాయలేదు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ కారణం కుర్చీయే. జూన్‌లో అది నాకే ఇచ్చారు, సీట్లూ పెరిగాయి.

రెడ్డెమ్మకు అరవై శాతం రాలేదు. చెన్నై కంపెనీ పిలవలేదు. రెండేళ్ల తర్వాత రేణిగుంటలో ఒక గోడౌన్‌లో, వచ్చే లారీల నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించే పనిలో ఉందని విన్నాను. హాస్పిటల్ బ్యాచ్‌లో ఒకడు మా దగ్గరే లెక్చరర్‌గా చేరాడు. అతని ఇంటర్వ్యూ బోర్డులో నేనూ ఉన్నాను.

పదకొండేళ్లు హెడ్‌గా చేసి రిటైరయ్యాను. నడిపి చూడకుండా ప్రోగ్రాంకు మార్కులు వేయకూడదని ఏటా కొత్త లెక్చరర్లకు చెప్పేవాణ్ని. అది మొదటి ఏడాది పిల్లలకూ తెలిసిన సంగతే, నేర్చుకోవడానికి ఒక మనిషి బతుకు ఖర్చుపెట్టనక్కరలేదు. నేను నేర్చుకున్నది వేరే. ఎక్స్‌టర్నల్‌కు ఆ ఎనిమిది గుర్తులు తెలియవు. నాకు తెలుసు. కాబట్టి ఆ ఎనభై ఐదు ఆయన వేసింది కాదు, నేను వేసింది.