సల్వా ఇంట్లో తడి సిరా

దయ్యం, గాలి అని ఎవరైనా అంటే మా రాయచోటిలో ముందు నవ్వేది నేనే. చదివింది ఏడో తరగతే అయినా, కళ్ళతో చూడనిదే ఏదీ నమ్మను. దీన్ని కళ్ళతో చూశాను. చేత్తో ముట్టుకున్నాను కూడా. అదే నా బాధ.

కువైట్‌లో, సల్వాలో ఒక ఇంగ్లీషు రచయిత్రి ఇంట్లో నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇంగ్లండులో వాళ్ళది పెద్ద జమీందారీ వంశమట. భర్త పోయినా ఆవిడ కువైట్ వదల్లేదు. ఇల్లంతా కాగితాలే, పెట్టెల నిండా. వాళ్ళమ్మ ఉత్తరాలు, డైరీలు, అచ్చుకాని పుస్తకాలు. ఊడ్చేటప్పుడు చీటీముక్క దొరికినా పారేయకూడదు, బల్లమీద పెట్టాలి. నాకు ఇంగ్లీషులో రాసే వంట చీటీలు మాత్రం ఊదా సిరాతో, పెద్ద పెద్ద విడి అక్షరాల్లో ఉండేవి. నేను కూడబలుక్కుని చదువుకోవాలి కదా, పాపం!

తొంభయ్యో సంవత్సరం జూన్‌లో మామా లండన్ వెళ్ళింది. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. బయటి దేశాలకు ఫోను లేదు, పోస్టు లేదు. ఇంట్లో నేను, కడప నుంచి వచ్చిన డ్రైవర్ ఖాదరన్న మిగిలాం.

అక్కడి అందరు యజమానుల్లాగే మామా కూడా నా పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకుంది. ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. బీరువాలు, సొరుగులు, పరుపుల కింద, బియ్యం డబ్బా దాకా వెతికాను. కాగితాల పెట్టెల్లో ఉంటుందని మాత్రం తోచలేదు. ఆగస్టు నెలాఖరులో ఒకరోజు, మనవాళ్ళతో జోర్డాన్ వెళ్ళే బస్సు మర్నాడు పొద్దున్నే అని తెలిసింది. పాస్‌పోర్టు లేకపోతే సరిహద్దులో దింపేస్తారని అందరూ అన్నారు.

ఆ మధ్యాహ్నమే పక్కవీధిలో సైనికులు ఇంగ్లీషువాళ్ళను పట్టుకుపోవడానికి ఇల్లిల్లూ వెతుకుతున్నారని తెలిసింది. ఈ కాగితాలు కంటపడితే, వాళ్ళను ఎక్కడ దాచారని మమ్మల్ని చావబాదుతారు. ఖాదరన్న పెరట్లో ఇనుప డ్రమ్ములో మంట పెట్టాడు.

“ఏమ్మే రెడ్డెమ్మా, అట్ల నిలబడి చూస్తాండావే! తే అన్నీ! వాళ్ళొస్తే మన పని ఖలాస్.”

“మామా వచ్చి అడిగితే ఏం జెప్పాలన్నా?”

“నా పేరు జెప్పు. మనం బతికింటే గదా ఆయమ్మ తిట్టేది!”

ఒక్కో పెట్టె మూత తీసి చూడటం, పైనంతా ఉత్తరాలే కనబడటం, అలాగే మంటలో గుమ్మరించడం. చివరికి ఒక్కటి మిగిలింది, మామా గదిలో ఉన్న గుండ్రటి టోపీల పెట్టె. దాన్ని ఎత్తుకుని తిరిగేసరికి బల్లమీద ఒక కాగితం కనిపించింది.

పొద్దున ఆ బల్ల తుడిచింది నేనే. అప్పుడు దానిమీద ఏమీ లేదు.

తీస్తే బొటనవేలికి ఊదా రంగు అంటింది. సిరా ఇంకా తడిగానే ఉంది! పక్కనే ఉన్న సిరాబుడ్డి ఎప్పుడో ఎండిపోయింది. పెద్ద పెద్ద విడి అక్షరాలు. కూడబలుక్కున్నాను. ‘రెడ్డెమ్మా, నీ పాస్‌పోర్టు టోపీల పెట్టెలో, మా అమ్మ ఉత్తరాల కింద ఉంది. క్షమించు.’

కేక పెట్టాను. ఖాదరన్న పరుగెత్తుకొచ్చాడు. కాగితం చూశాడు, నా వేలు చూశాడు.

“నువ్వే రాసి నాతో ఆటలాడుతాండావా?”

“ఇంగ్లీషులో నా పేరే నాకు సక్కంగా రాయను రాదు గదన్నా!”

ఆయన కర్ర పట్టుకుని గదులన్నీ వెతికాడు. వీధి తలుపు లోపలి గడియ వేసినట్టే ఉంది. పెరటి తలుపు దగ్గర మేమే ఉన్నాం. నేను పెట్టె బోర్లించాను. ఉత్తరాల అడుగున నా పాస్‌పోర్టు. ఇంకొక్క నిమిషమైతే నా చేతులతో నేనే మంటలో వేసేదాన్ని.

మిగిలిన ఆ ఉత్తరాల్ని ఖాదరన్న ముట్టుకోనన్నాడు. అక్కడే వదిలేసి, మర్నాడు బస్సెక్కాం.

ఊరు చేరిన ఏడాదికి మామా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మా వీధిలో ఉండే ఇంగ్లీషు టీచరమ్మ చదివి చెప్పింది. నా పాస్‌పోర్టు ఎక్కడ పెట్టిందో ఆగస్టులో ఒక మధ్యాహ్నం లండన్‌లో ఉండగా హఠాత్తుగా గుర్తొచ్చిందట. వెంటనే నాకు చీటీ రాసిందట. పంపే దారి లేదని తెలిసి, ఏడ్చి, సిరా ఆరకముందే దాన్ని అగ్గిపుల్లతో కాల్చేసిందట. ‘ఇంతకీ నీకు అది దొరికిందా?’ అని అడిగింది.

దొరికింది మామా, అని టీచరమ్మతో రాయించాను. ఎలా దొరికిందో రాయిద్దామని ఆమె దగ్గర ఎన్నోసార్లు కూర్చున్నాను. నాకే తెలియనిది ఏమని రాయించను?