నేనింకా చదవని పేజీ

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. ఉదయగిరిలో చర్చి వెనక సమాధుల మధ్య దాగుడుమూతలాడి పెరిగినదాన్ని. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే ఎగతాళి చేసేదాన్ని. ఇది మాత్రం నాకే జరిగింది.

అది తొంభై ఏడో, ఎనిమిదో సంవత్సరం. నేను ఆత్మకూరులో ఇంగ్లీషు టీచర్ని. ఉదయగిరిలో నాయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నెలలు గడిచినా గొంతులో గరగర తప్ప ఏమీ రాలేదు. ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలని ప్రతి ఆదివారం ప్రార్థన చేసుకుని ఉదయగిరి వచ్చేదాన్ని.

కువైట్‌లో పనిచేసే అన్న సెలవుకొచ్చినప్పుడు ఓ లావుపాటి నవల తెచ్చి నా చేతిలో పడేశాడు. క్యాంపులో కొరియా ఇంజనీరు వదిలేసి పోయాడట. వాళ్ల భాష నుంచి ఇంగ్లీషులోకి మార్చిన పుస్తకం. మంచు కొండలు, మాట్లాడే డేగలు, కోట పోగొట్టుకున్న ముసలి రాజు, ఆయన్ని వెంటబెట్టుకుని పారిపోయే కూతురు. మధ్యాహ్నం నాయనకి బైబిల్ చదివి వినిపించాక అది తీసి, చూస్తూ చూస్తూ తెలుగులో చెప్పేదాన్ని. నాయన కిటికీలోంచి మా కొండ మీది కోట వైపు చూస్తూ వినేవాడు. ఆయనకి ఇంగ్లీషు ముక్క రాదు.

నాకు అలా చెప్పడం అలవాటే. చర్చికి విదేశీ అతిథులు వస్తే వాళ్ల ప్రసంగం తెలుగు చేసేది నేనే. కటువు మాటలు కాస్త మెత్తగా చేసి చెప్పేదాన్ని. నాయన ఎలాగో పసిగట్టి, ఇంటికొచ్చాక చీవాట్లు పెట్టేవాడు. "వాళ్లు జెప్పిందే జెప్పు. నీ మాటలు కలపబాక."

ఆ ఆదివారం కథలో తండ్రీ కూతురూ నది ఒడ్డుకి చేరారు. పడవలో ఒక్కరికే చోటు. ముసలాయన ఒడ్డునే ఆగిపోయాడని ఉంది. నాయన ముఖం చూసి ఆ మాట దాచేశాను. ఇద్దరూ ఎక్కారని చెప్పి పుస్తకం మూసేశాను.

"ఎక్కలేదు గదమ్మా," అన్నాడు నాయన.

స్పష్టంగా అన్నాడు. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అమ్మ చేట వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నాయన ఇంకో మాట కూడా అన్నాడు. "నువ్వు బో. తిరిగి చూడబాక."

ఎంత బతిమాలినా మళ్లీ పెదవి కదపలేదు.

మర్నాడు బడిలో పరీక్షలు, ఉండిపోయే వీల్లేదు. మాటొచ్చింది, ఇక మనిషి లేస్తాడని ఏడుపూ నవ్వూ కలిసిపోయి బస్సెక్కాను. కిటికీలోంచి మా ఇల్లు కనబడినంతసేపూ చూస్తూనే ఉన్నాను. తర్వాత పుస్తకం తెరిచి, నేనింకా చదవని పేజీ తిప్పాను. ఒడ్డున నిలబడిన ముసలి రాజు కూతురితో అంటున్నాడు: వెళ్లు, తిరిగి చూడకు.

బుధవారం కబురొచ్చింది. నాయన పోయాడు.

పోయిన మాట ఒక్కోసారి అలా వచ్చి పోతుందని డాక్టరు అన్నాడు. ఒప్పుకుంటాను. నా ముఖం చూసి అబద్ధం కనిపెట్టాడు, అదీ ఒప్పుకుంటాను. కానీ పుస్తకం ఎప్పుడూ నా సంచిలోనే ఉండేది. ఆ పేజీ నేనే చదవలేదు. ఆయనకెవరు చెప్పారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కథలో ఆ పిల్ల తిరిగి చూడలేదు. నేను చూశాను.