జారుద్దని అరిచే అత్త

మా రంగుల షెడ్డు అత్త పోయిందని మొన్న ఆదివారం వాళ్లబ్బాయి కబురు తెచ్చాడు. "ఎక్కడన్నా పడిందా?" అని అడిగాను ముందు. "లేదక్కా, నిద్దట్లోనే పోయింది" అన్నాడు. అమ్మయ్య అనేశాను, పైకే. అతను నొచ్చుకోలేదు. వాళ్లమ్మకు చావంటే భయం లేదు, పడటమంటేనే భయమని అతనికీ తెలుసు.

మాకు చుట్టరికమేమీ లేదు. చీరాల దగ్గర నూలుకు రంగులద్దే షెడ్డులో అందరికన్నా పెద్దదని అత్తా అనేవాళ్లం. తడి నూలు కారి, గంజి ఒలికి అక్కడి సిమెంటు నేల ఎప్పుడూ జిగటగానే ఉండేది. ఎవరు బరువు ఎత్తుకొచ్చినా "జారుద్ది! జారుద్ది!" అని గొంతు చించుకునేది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఎవరన్నా అంటే మండిపడేది. "ఆ మాటన్నోడు గంజిలో కాలు పెట్టుండడు" అనేది.

ఎనభైల మొదట్లో నేను కడుపుతో ఉన్నాను. అంతకుముందు ఒకసారి కడుపు పోయింది. అందుకని షెడ్డులో అందరూ నా ముందు ఆ మాట మానేశారు. కడుపుతో ఉన్నదాని చెవిన 'జారడం' పడితే అశుభమట. అత్త కూడా నోరు కట్టేసుకుంది. అంతా నా మీద ప్రేమే. ఆ ప్రేమతోనే, ఒలికిన గంజి కనబడుతున్నా ఒక్కరూ కేక వేయలేదు. దబ్బున పడ్డాను.

కడుపులో కదలిక లేదు. అత్త ఆ తడిలోనే కూలబడి నా తల ఒళ్లో పెట్టుకుంది, అరచెయ్యి పొట్టకు ఆనించింది. "నోరు మూసుకున్నానే, నా నోరు పడిపోను" అని ఒకటే ఏడుపు. చాలాసేపటికి లోపల్నుంచి ఒక తన్ను తగిలింది. "ఓసి దొంగా, ఇంతసేపూ నిద్దరపోయావుటే!" అని నా పొట్టను తిట్టింది. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

మళ్లీ పనికి వెళ్లిన రోజు గుమ్మంలో అడుగు పెట్టగానే "జారుద్దే, చూసి రా!" అని షెడ్డు అదిరేలా అరిచింది.

"కడుపుతో ఉన్నదాని ముందు ఆ మాటేంటత్తా?" అంది పక్క తొట్టి ఆవిడ.

"మాటకి పోదే కడుపు. పడితే పోద్ది."

ఆ అరుపులు వింటూ నెలలు నిండేదాకా నిశ్చింతగా పనిచేశాను.

పాప పుట్టాక చూడటానికి అత్త ఆసుపత్రికి వచ్చింది. ఆయా అప్పుడే తడిగుడ్డతో వార్డు తుడిచి వెళ్లింది. మా అమ్మ పాపను చేతికివ్వబోతే "ఉండొదినా" అంది. వంగి, కట్టుకొచ్చిన కొత్తచీర కొంగుతో తన కాళ్ల కింద నేల ఆరేదాకా తుడిచింది. అప్పుడు చేతులు చాపింది.