బగ్గీ గట్టు దాటిన సాయంత్రం

గట్టు దగ్గర బగ్గీ కీచుమనలేదు. నాకు మొదటిసారి భయం వేసింది సరిగ్గా అప్పుడే. చేతులు ఇంకా బియ్యం కడుగుతున్న గిన్నెలోనే ఉన్నాయి. రోజూ ఆ రిమోట్ బండి మా క్వార్టర్ల వెనక మట్టిగట్టు సగం దాకా ఎక్కేది. ముందు చక్రాలు పట్టు తప్పి ఊరికే తిరిగేవి, మోటారు కీచుమనేది, బండి వెనక్కి జారేది. పిల్లలిద్దరూ "అయ్యో" అని నవ్వేవారు. ఆ రోజు బరువుగా మూలుగుతూ పైకి వెళ్ళింది. ఆ మూలుగు గట్టు అవతల సన్నబడింది. తర్వాత పిల్లల గొంతులూ వినపడలేదు.

బగ్గీ మా ఆయనది. గనిలో డంపర్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తారు. విశ్వకర్మ పూజ రోజున అక్కడివాళ్ళు తమ బగ్గీలకు కుంకుమ పెట్టి ఎర్రమట్టిలో పందెం వేస్తారు. విజయనగరంలో బీటెక్ మెకానికల్ చదివి, ఇక్కడికొచ్చి వంటింట్లో ఉండిపోయినదాన్ని కాబట్టి బండి లోపలి పని నాది. మలుపులో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగాలి. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ డబ్బాలు మూడుంటాయి, ముందు, మధ్య, వెనక. వాటిలో సిలికాన్ నూనె పోస్తాం. మధ్య డబ్బాలో నూనె పల్చగా ఉంటే, గట్టెక్కేటప్పుడు తేలిపోయిన ముందు చక్రాలకే బలమంతా పోతుంది. చిక్కగా ఉంటే వెనక చక్రాలకూ అందుతుంది, బండి ఎక్కేస్తుంది.

ఈసారి పందెంలో దిబ్బ పెడుతున్నారని మా ఆయన చెప్పారు. ఆ ఉదయం పాత నూనె తీసేసి, తేనెలా సాగే నూనె పోశాను. గాలి బుడగలు ఒక్కొక్కటే పైకి వస్తుంటే ఎనిమిదేళ్ళ పెద్దది, ఐదేళ్ళ చిన్నది చెరోపక్క కూర్చుని చూశారు. బుడగలన్నీ పోయేదాకా ఆగి మూత బిగించాను. ఎంతో జాగ్రత్తగా చేశాననుకున్నాను.

పిల్లలకు నేను పెట్టిన హద్దు మాత్రం నాకు గుర్తు రాలేదు. "బగ్గీ ఎంతదూరం వెళ్తే అంతదూరం వెళ్ళండి" అని నేనే చెప్పాను. బగ్గీ గట్టెక్కలేదు కదా అని. గట్టు అవతల నాలుగడుగుల్లో సున్నం రాసిన రాళ్ళున్నాయి. మందుపాతరల కోసం జవాన్లు నేల వెతికింది అంతవరకే. పోయిన ఎండాకాలం ఒక ఆవు ఆ రాళ్ళు దాటింది. ఆ పేలుడుకి మా వంటింటి గిన్నెలు కదిలాయి. ఆవు మెడగంట ఒక పొదకు చిక్కుకుంది. ఎవరూ వెళ్ళి తేలేదు. గాలి వీస్తే ఇప్పటికీ మోగుతుంది.

పరుగెత్తి గట్టెక్కాను. పిల్లలు రాళ్ళకు అవతల, ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు. బగ్గీ ఇంకా ముందుకెళ్ళి బోర్లా పడింది. నేను దిగబోతే ఎవరో నా కొంగు పట్టుకుని లాగారు. చింతపండు అమ్మడానికి మా క్వార్టర్ల లైన్లకు వచ్చే, కుంట ఊరి వైపు ముసలామె.

"ఏందమ్మా, నువ్వూ పోతవా? ఆడనే నిలవడు!" అని, పిల్లల వైపు అరిచింది. "బిడ్డా, కదలకుండ్రి! మీ అడుగులు కనపడ్తున్నయా?"

"కనిపిస్తున్నాయి అవ్వా" అంది పెద్దది.

"ఎట్ల పోయిండ్రో అట్లనే రావాలె. పాత అడుగుల్లనే కాలు పెట్టు. చెల్లెను ఎత్తుకో."

ఎర్రదుమ్ము ఆ అడుగుల్ని చెరపకుండా ఉంచింది. పెద్దది చెల్లెల్ని చంకనేసుకుని ఒక్కో గుర్తులో ఒక్కో కాలు పెడుతూ వచ్చింది. దానికది ఆటలాగే ఉంది. గంట ఒకసారి మోగింది.

రాళ్ళు దాటగానే అంది: "బగ్గీ గీత మీదే నడిచాం అమ్మా. నువ్వు చెప్పినట్టే."

ముసలామె గంప ఎత్తుకుంటూ నన్ను చూసింది. "అంత సదువు సదివి, బొమ్మబండికి అప్పజెప్పినవా పిల్లల్ని?"

సెకండ్ షిఫ్టు నుంచి వచ్చి అంతా విన్న మా ఆయన ఒకటే అడిగారు. "మధ్యలో ఏ నూనె పోశావు?" చెప్పాను. తల పట్టుకున్నారు. ఇది రాస్తుంటే గంట మళ్ళీ మోగుతోంది. ఇప్పుడు దాని పక్కనే మా బగ్గీ ఉంది.

మర్నాడు పొద్దున పాలు తాగుతూ చిన్నది అడిగింది, బగ్గీ ఎప్పుడొస్తుందని. పిల్లలిద్దర్నీ గట్టు మీదికి తీసుకెళ్ళి తెల్లరాళ్ళు ఒక్కొక్కటీ చూపించాను.

"రాదు. మనం వెళ్ళి తెచ్చుకోం. మీరేం తప్పు చెయ్యలేదు, నేను చెప్పిన మాట విన్నారు. నేను చెప్పిందే తప్పు. ఇకనుంచి ఈ రాళ్ళే హద్దు. బంతి దాటినా, మేకపిల్ల దాటినా, అవతల నుంచి నేనే పిలిచినా, మీరు దాటొద్దు."