ఎండుకొమ్మలకు నీళ్ళు పోసిన లష్కర్ తాత

లష్కర్ తాత పోయాడని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. కోదాడ దగ్గర నేను పనిచేసే నర్సరీలో అప్పుడే మొక్కల సంచులకు నీళ్ళు పెడుతున్నాను. ఫోన్ చేసింది మా బ్యాచ్‌లో నాతోపాటు నేర్చుకుని, ఇప్పుడు సూర్యాపేటలో మోటార్ల షాపు పెట్టుకున్న తమ్ముడు. "అక్కా, తాత పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిండంట. గంతే" అన్నాడు. ఎంతసేపు అలా నిలబడిపోయానో, ఒకే సంచిలో నీళ్ళు నిండి పొర్లిపోయాయి. తాత చూసి ఉంటే ఆ నీళ్ళకు నన్ను కడిగేసేవాడు.

లష్కర్ అంటే కాలువ తూములు ఎత్తుతూ, దించుతూ నీళ్ళకు కాపలా ఉండే మనిషి. సాగర్ ఎడమ కాలువ మీద ఆ పనిచేసి రిటైరయ్యాక, తాత సర్కారువాళ్ళు పెట్టిన యువసేవ పథకంలో మా బ్యాచ్‌కి పని నేర్పడానికి వచ్చాడు. ఆర్నెల్ల శిక్షణ అది. పొద్దునంతా వేములపల్లి వైపు కాలువ కట్టల మీద పని: గుర్రపుడెక్క తీయడం, కోసుకుపోయిన కట్టకు రాయి పేర్చడం, మొక్కలు నాటడం. మధ్యాహ్నం మిర్యాలగూడ షెడ్డులో మోటారు రిపేరు, మొక్కలకు అంట్లు కట్టడం. ఆఖర్న ఎవరు నాటిన మొక్కలు ఎన్ని బతికాయో పై ఆఫీసరు వచ్చి చూసి సర్టిఫికెట్ ఇస్తాడు. ఆ కాగితం ఉంటేనే నర్సరీల నుంచీ, మున్సిపాలిటీల నుంచీ పిలుపు.

తాత దగ్గర చదువు తక్కువ, ఠీవి ఎక్కువ. కాలువలో దిగేముందు చెప్పులు విప్పేవాడు. నీళ్ళు వదిలినరోజు "నీళ్ళొచ్చినయ్" అనేవాడు కాదు, "పెద్దమనిషి దిగిండు, జర మర్యాదగుండుర్రి" అనేవాడు. ఆ రోజు కట్ట మీద ఎవరూ ఉమ్మేయకూడదు, బూతులు మాట్లాడకూడదు. మేం మూలకు పోయి నవ్వుకునేవాళ్ళం. మధ్యాహ్నం సద్ది విప్పితే పచ్చి ఉల్లిగడ్డ గుద్ది అందరికీ పంచి, "మోటారు ఇప్పుడు నేర్సుకుంటే ఇప్పుడే వస్తది. మొక్క అట్ల గాదు. నాటుడు ఒక్కనాటి పని, సూసుకునుడు రోజు పని" అని చెప్పిందే చెప్పేవాడు. వినీ వినీ మాకు ఆ మాట ఆవలింత తెప్పించేది.

నా సంగతి చెప్పాలి. మాది గొర్రెలు కాసే ఇల్లు. ఇంటర్ అయ్యాక రెండేళ్ళు మా నాయిన వెంట మందతో తిరిగాను. ఈ బ్యాచ్‌లో చేరతానంటే ఆయన ససేమిరా అన్నాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి దిగొచ్చి, "ఆర్నెల్లే. కాయితం రాకుంటే ఇగ నోర్మూసుకొని మంద ఎంట నడువు" అని మాట తీసుకున్నాడు. కాబట్టి మిగతా పందొమ్మిది మందికి అది శిక్షణ. నాకు అది తప్పించుకునే ఒకే ఒక్క దారి.

ఆఖరి నెలలో తలా అరవై మొక్కలు ఇచ్చి, కట్ట మీద ఎవరి జాగా వాళ్ళను ఎంచుకోమన్నారు. నేను గొర్రెలవాళ్ళ పిల్లను కదా, నా తెలివి నాది. పశువులు నీళ్ళకు దిగే రేవు పక్కన నేలంతా పెంటికలు పడి నల్లగా, బలంగా ఉంటుంది. ఆ ముక్క నాకే కావాలని కొట్లాడి మరీ పట్టాను. నేరేడు, వేప, చింత, కొన్ని కానుగ నాటాను. తాత చూసి, "మంచి జాగనే బిడ్డా. ఇయ్యాలనే సర్కారు తుమ్మ కంప కొట్టి సుట్టూ పెట్టు" అన్నాడు. కంప కొడితే చేతులు చీరుకుపోతాయి. రేపు చూద్దాంలే అనుకున్నాను.

అలా రేపు రేపంటూనే మూడు వారాలు గడిచాక, ఒక సాయంత్రం మా నాయిన ఇంటికి వచ్చి, గడపలో కాళ్ళు కడుక్కుంటూ మహా సంబరంగా అన్నాడు: "ఇయ్యాల జీవాలు కడుపునిండ మేసినయ్. రేవు కాడ ఎవలో పుణ్యాత్ములు లేత మొక్కలు వరుసగ పెట్టిన్రు."

పరుగెత్తి వెళ్ళి చూస్తే ఏ జీవమూ ముట్టని ఏడు కానుగ మొక్కలు తప్ప మిగతావన్నీ పుల్లలు. ఆ పుణ్యాత్మురాలిని నేనేనని నాయినకు చెప్పే ధైర్యం లేదు. చెబితే నవ్వి, "అయితే రేపటి సంది మందకు రా" అనేవాడు. ఆఫీసరు ఎల్లుండి వస్తాడని కబురు. ఒళ్ళు తెలియని భయంలో ఒక పాడుపని చేశాను. కానుగ కొమ్మలు నరికి తెచ్చి, యాభై మూడు గుంతల్లో గుచ్చి, మట్టి కప్పి, నీళ్ళు చల్లాను. జీపులోంచి చూస్తే తోటలా ఉంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా.

నా ఖర్మ, ఆఫీసరు రావడం వారం వాయిదా పడింది. కొమ్మలు వాడాయి, తర్వాత ఎండాయి. అప్పుడు మొదలుపెట్టాడు తాత. పొద్దున్నే బకెట్‌తో కాలువ నీళ్ళు ముంచుకొచ్చి, ఒక్కో ఎండుకొమ్మకు చెంబెడు పోసి, చేత్తో మట్టి సర్ది, "తాగు బిడ్డా, సల్లగుండు" అని దీవించి పక్కదానికి పోయేవాడు. ముఖంలో నవ్వు లేదు, వెటకారం లేదు. ఒకరోజు, రెండురోజులు, మూడురోజులు. ఆ వయసులో యాభై మూడు చెంబులు. బ్యాచ్ మొత్తం చూస్తోంది. నాకు భూమి చీలితే బాగుండనిపించింది. మూడోరోజు బకెట్ లాక్కుని ఏడ్చేశాను.

"తాతా, పోయకు. అవి బతకయ్."

"ఎందుకు బతకయ్? నువ్వు నాటినయే గద!"

"ఏర్లు లేవు తాతా."

"గా ముక్క నీ నోట్లెకెళ్ళి రావాలెననే సూస్తున్న. నా నడుం ఇరిగినంక చెప్తవనుకున్న, జర ముందే చెప్పినవ్" అని నడుం పట్టుకుని గట్టుమీద కూలబడి పకపకా నవ్వాడు. మేసింది మా మందేనని కూడా అప్పుడే ఆయనకు చెప్పేశాను.

ఆఫీసరు వచ్చినప్పుడు మాత్రం తాత నన్ను కాపాడలేదు. రిజిస్టరులో "నాటినవి అరవై, బతికినవి ఏడు" అని రాసి నా ముందే సంతకం పెట్టాడు. అందరికీ కాగితం వచ్చింది, నాకు రాలేదు. ఆ రోజు ఆయనంటే నాకు ఎంత కోపమో చెప్పలేను. ఆయన ఎదురుగానే చేతిలోని పార విసిరికొట్టి ఇంటికి వచ్చేశాను. మర్నాడు మంద వెంట నడవడానికి కర్ర కూడా తీసుకున్నాను.

తెల్లారగానే తాత మా వాకిట్లో ఉన్నాడు. మా నాయిన మంచం వాల్చినా తాత కూర్చోలేదు. "తిన్నయి నీ జీవాలు. శిక్ష నీ బిడ్డకేస్తవా?" అన్నాడు. జరిగిందంతా అప్పుడు తెలిసింది మా నాయినకు. పుణ్యాత్ములెవరో అర్థమై, నా వైపు చూసి తల దించుకున్నాడు. తాత ఆయనకు సందు ఇవ్వలేదు. "పిల్ల దొంగపని జేసింది, నేను మాఫ్ జెయ్యలే. ఉన్నదే రాసిన. వచ్చే బ్యాచ్‌తోని మళ్ళ నాటుతది. నువ్వు వానలకు ముందు నీ మందను తెచ్చి ఆ జాగల వారం నిలుపు."

మందను చేలో నిలపడానికి మా దగ్గర రైతులు డబ్బులిచ్చి మరీ వరుసలో ఉంటారు, ఆ ఎరువు కోసం. ఊరికే నిలపమని ఎవరూ అడగరు. మా నాయిన ఊరికే నిలిపాడు. కంప కూడా తనే కొట్టి తెచ్చాడు. జీవాలను దూరంగా ఇంకో రేవుకు తిప్పడం మొదలుపెట్టాడు. మళ్ళీ లెక్కచూసినప్పుడు తాత రెండుసార్లు కట్టంతా నడిచి, "యాభై ఎనిమిది" అని రాశాడు. అరవై రాయవచ్చు కదా తాతా అంటే, "రెండు సచ్చినయ్ గదనే" అని కళ్ళెర్ర చేశాడు. ఆ కాగితంతోనే ఏళ్ళ కిందట నేను కోదాడ వచ్చాను. ఈ రోజు నా కాళ్ళ మీద నేను నిలబడ్డానంటే అది ఆయన చలవే, మరో మాట లేదు.

అంత్యక్రియలకు వెళ్ళాను. శ్మశానానికి దారి కాలువ కట్ట మీదుగానే. మధ్యలో పాడె దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలవడం ఆచారం, దింపుడు కళ్లం అంటాం. ఎప్పుడూ అవతలి మూలమలుపు దగ్గర ఎండలో దించేవారు. ఆ రోజు మోసేవాళ్ళు ఎవరినీ అడగకుండానే రేవు పక్కన చెట్ల కింద దించారు. కొడుకు వంగి "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు. తర్వాత మా నాయిన ముందుకొచ్చి, "నేనొక్కపారి పిలుస్త" అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని తాత చెవి దగ్గర నోరు పెట్టి, అందరికీ వినబడేంత గట్టిగా అన్నాడు:

"లష్కరన్నా, పొద్దుగాల నడిచి లెక్కవెట్టిన. యాభై ఎనిమిది ఉన్నయే. ఒక్కటి గూడ పోలే."

ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూనే. మిట్టమధ్యాహ్నం ఎండ చుట్టూ మండిపోతున్నా, పాడె ఎత్తడానికి ఎవరూ తొందరపడలేదు. నేరేడు ఆకుల నీడ తాత ముఖం మీద మెల్లగా కదులుతూ ఉంది.