నటుణ్ణన్న మనిషి

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది ఫ్యాను చప్పుడులో వినబడే ముచ్చట కాదు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. పోలీసులు వెతుకుతున్న మా తమ్ముడు మన్సూరాబాద్‌లో దాక్కున్నాడు. వాడికి అన్నం కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాను. పక్క సీటామెతో మాట్లాడుతుంటే, ఎదురుగా నిలబడ్డ ఒకాయన నా మాటలకు పెదవులు కదుపుతున్నాడు. ఎల్బీనగర్‌లో దిగితే వెనకే దిగాడు. మఫ్టీ పోలీసే అనుకున్నాను.

"ఏందయ్యా, ఎనకవడ్డవ్?" అని నిలదీశాను.

"కోప్పడకండమ్మా, నేను నటుణ్ణండి. సినిమాల్లో మీ యాసతో రౌడీ వేషాలే ఇచ్చారు. ఇప్పుడు నాటకంలో నేతన్న వేషం వచ్చింది. కొడుకు ఉద్యమంలో చనిపోతాడు. అందుకే మీ మాట పట్టుకుంటున్నానండి."

"అయితే జర చేసి చూపియ్యి."

ఆయన అక్కడే బస్టాపులో కూలబడ్డాడు. తెగిన పోగును వేళ్ల మధ్య మెలిపెట్టి అతుకుతున్నట్టు చేతులు ఆడించాడు. "పోరడు బువ్వ తినకుండనే పాయె," అన్నాడు, తల ఎత్తకుండా.

పోచంపల్లిలో మగ్గం ముందు కూర్చున్న మా నాయనే అనిపించాడు. నా కళ్లనీళ్లు ఆగలేదు. అప్పుడే గుబులు కూడా పట్టుకుంది. ఒక్క నిమిషంలో మా నాయన కాగలిగినవాడు, పోలీసై ఉండి నటుణ్ణని నమ్మించలేడా?

"మస్తు చేసినవన్నా," అని, వచ్చిన దారినే ఇంటికి బస్సెక్కాను. ఆ రోజు తమ్ముడు పస్తున్నాడు. ఆయనెవరో ఈనాటికీ తెలియదు. టీవీలో ఎవరైనా తండ్రి వేషంలో వస్తే మాత్రం, పని ఆపి, ఆయనేనేమోనని ముఖం పట్టిపట్టి చూస్తాను.

మీ ఇంట అన్నం పంపడానికి భయపడే రోజు రాకూడదు తల్లీ. అందరూ ఒక్కచోట కూర్చుని తినండి, చల్లగుండండి.